బైక్ ఎయిర్ ఫిల్టర్ ఉంచాలా, పీకేయాలా?

బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్మేట్ తన 150 సీసీ బండికి ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేసి, గాలినీ పెట్రోలునీ కలిపే కార్బ్యురేటర్ నోరు తెరిచి వదిలేశాడు. సౌండ్ అదిరింది, ఒప్పుకోవాల్సిందే. నా బండికి మాత్రం కంపెనీ పేపర్ ఫిల్టరే.

ఫిల్టర్ లేకపోతే గాలికి అడ్డు తగ్గుతుంది, నిజమే. కానీ కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ (సన్న రంధ్రం ఉన్న బిళ్ల) మార్చకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు వాటా తక్కువై, యాక్సిలరేటర్ తిప్పగానే బండి తడబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. పైగా ఎయిర్‌బాక్స్ ఉత్త డబ్బా కాదు. మధ్య స్పీడుల్లో బండి లాగుడు దాని కొలతల మీద కూడా ఆధారపడుతుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో మనకు కావాల్సింది ఆ లాగుడే.

అసలు గొడవ దుమ్ముతో. 150 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎమ్ దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి సుమారు 450 లీటర్ల గాలి పీలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు గాలిలో ఏముందో సాయంత్రం చొక్కా కాలర్ చూస్తే చాలు. మట్టిలోని సిలికా రేణువులు ఇనుము కంటే గట్టివి. ఆయిల్‌లో కలిసి ఉప్పుకాగితంలా సిలిండర్‌నీ పిస్టన్ రింగులనీ అరగదీస్తాయి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) పడిపోతుంది, సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది. ఇక బోరింగ్ (సిలిండర్ లోపలి గోడ మళ్లీ చెక్కించడం), కొత్త పిస్టన్, వేలల్లో ఖర్చు. పేపర్ ఫిల్టర్‌కైతే బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో కొన్ని వందలే.

"ఫిల్టర్ లేకుండా రేసు బండ్లు తిరగట్లేదా?" అంటాడు మా రూమ్మేట్. వాటి ఇంజిన్లు మాటిమాటికీ విప్పుతారు నాయనా, మనవి ఈఎంఐ బండ్లు!

మరీ ఆ సౌండే కావాలంటే నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ ఉంది. కడిగి, మళ్లీ నూనె పట్టించి వాడుకోవచ్చు.