డీఎన్‌ఏ డైట్ ప్యాకేజీ: కొనేముందు నా అనుభవం చదవండి

ఆ మధ్య ఒక ఆదివారం కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో స్టాల్ పెట్టారు. "మీ జీన్స్‌కి తగ్గ డైట్" అట. గొట్టంలో ఉమ్మి ఇస్తే చాలు, ఏం తినాలో ఏం మానాలో చెప్పేస్తారట. నాకేమో ఏడాదిగా కడుపు ఉబ్బరం. మా ఆవిడ వద్దంటున్నా వినకుండా 14,999 కట్టాను.

నెల తర్వాత 62 పేజీల రిపోర్టు వచ్చింది. కీన్వా, అవకాడో, సాల్మన్ చేప ఉన్నాయి. పప్పు, గోంగూర, జొన్నరొట్టె ఊసే లేదు. అది నవ్వుకుని వదిలేయొచ్చు. అసలు దెబ్బ 41వ పేజీలో ఉంది: "గ్లూటెన్ రిస్క్: హై" అని ఎర్రక్షరాలు. గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే ప్రోటీన్. ఆ రాత్రి నుంచే చపాతీ బంద్. వాళ్లే అమ్మిన గ్లూటెన్ లేని పిండికీ ప్రోటీన్ షేక్‌కీ కలిపి నెలకి ఆరున్నర వేలు.

మూడు నెలలకి ఉబ్బరం ఇంకా ఎక్కువై గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. రిపోర్టు తిరగేసి, "గోధుమ ఎందుకు మానేశారండీ?" అని తల పట్టుకున్నారు. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుతో ముడిపడ్డ హెచ్‌ఎల్‌ఏ అనే జీన్ రకాలు జనంలో దాదాపు మూడో వంతు మందికి ఉంటాయట. వాళ్లలో జబ్బు వచ్చేది కొద్దిమందికే. అవి లేకపోతే ఆ జబ్బు దాదాపు లేనట్టే కానీ, ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. పైగా దాన్ని పట్టే రక్తపరీక్ష గోధుమ తింటూ ఉండగా చేస్తేనే పనికొస్తుంది! ఆరు వారాలు చపాతీ తిని రమ్మన్నారు. తిన్నాను. నెగటివ్.

తేలిందేమిటంటే, నాకు పాలు పడవు. పెద్దయ్యాక లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, అరగకపోవడం మన దక్షిణాదిలో మామూలే, దానికీ జీన్ ఉంది. 62 పేజీల్లో ఆ ముక్క లేదు. నేనేమో వాళ్ల షేక్‌ని పాలలో కలుపుకుని రెండు పూటలా తాగుతున్నాను.

జీన్‌కీ తిండికీ సంబంధం లేదని కాదు. ఫినైల్‌కీటోన్యూరియాతో, అంటే ప్రోటీన్‌లోని ఒక పదార్థాన్ని ఒళ్లు విరగ్గొట్టలేని జబ్బుతో, పుట్టిన బిడ్డకు మొదటి నుంచీ తగిన ఆహారం పెడితే మెదడు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. అది ఒకే ఒక్క జీన్ వ్యవహారం. బరువు అలా కాదు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో 609 మందికి ఏడాదిపాటు కొవ్వు తక్కువ డైటో, పిండిపదార్థం తక్కువ డైటో ఇచ్చి చూశారు. జీన్‌కి సరిపడే డైట్ పడ్డవాళ్లు అదనంగా తగ్గిందేమీ లేదు. స్టాల్‌లో ఈ మాట ఎవరు చెబుతారు?

రిఫండ్ అడిగితే, శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాక కుదరదన్నారు. "ఇది జబ్బు నిర్ధారణకు కాదు" అని చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నేను సంతకం పెట్టిన ఫారంలోనైతే నా డేటాని "భాగస్వామ్య సంస్థలకు" ఇవ్వొచ్చని ఉంది. డిలీట్ చేయమని మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

వచ్చే ఆదివారం నిజాంపేటలో స్టాల్ పెడుతున్నారని విన్నాను. ఇప్పటికే ఉమ్మి ఇచ్చేసినవాళ్లుంటే, రిపోర్టు చూసి గోధుమ మానేయకముందే డాక్టర్‌కి చూపించండి.