తుపాకీ కౌంటర్ దగ్గర "నెక్స్ట్, నెక్స్ట్" కొట్టకండి: డాలస్ మనవాళ్లకు జాగ్రత్త

తుపాకీ ఇంట్లో ఉండటం మంచిదా చెడ్డదా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టొద్దు. మా ఇంట్లోనే అది ఇంకా తేలలేదు. నేను చెప్పేది కొనేటప్పుడు జరిగిన సంగతి. ముఖ్యంగా గ్రీన్ కార్డు వాళ్లు, హెచ్‌-1బి వాళ్లు చివరిదాకా చదవండి.

ఆఫీసు వాళ్లతో ఆదివారాలు క్లే షూటింగ్‌కి వెళ్తుంటాను. మట్టిబిళ్లలు గాల్లోకి విసిరితే కాల్చే ఆట. పోయినేడు, పదకొండేళ్లకి గ్రీన్ కార్డు చేతికొచ్చాక మొదలైన సరదా ఇది. ప్రతిసారీ అద్దె తుపాకీ ఎందుకని సొంతంగా ఒక 12 గేజ్ షాట్‌గన్ కొందామనుకున్నా. క్రికెట్ బ్యాటు తప్ప అన్ని ఆటల సామాన్లూ దొరికే ఒక పెద్ద చైన్ స్టోర్‌లో 549.99 డాలర్లకి సేల్ ఉందని యాడ్ వచ్చింది. స్టోర్ పేరు రాయను, అడగొద్దు.

శనివారం మధ్యాహ్నం బామ్మర్దిని వెంటేసుకుని వెళ్లా. టోకెన్ తీసుకుని గంటన్నర నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి కౌంటర్‌లో ఒక కుర్రాడు. మాటల్లో తెలిసింది, రెండు వారాల కిందటిదాకా చేపల గాలాల సెక్షన్‌లో ఉన్నాడట. యాడ్‌లో ఉన్న మోడల్ స్టాక్ అయిపోయింది, డిస్‌ప్లేకి అద్దాల వెనక పెట్టిన పీసే మిగిలింది, కొత్తదే అన్నాడు. సరే అన్నా. అది నా మొదటి తప్పు.

తర్వాత ట్యాబ్లెట్ నా ముందు పెట్టాడు. లైసెన్స్ ఉన్న ఏ షాపులో కొన్నా ఫారం 4473 నింపాల్సిందే. అది ఎ.టి.ఎఫ్. (తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ) ఫారం, కొనేవాడే నింపాలి. మన పేర్ల సంగతి తెలిసిందేగా. నా గ్రీన్ కార్డులో ఫస్ట్ నేమ్ గడిలోనే రెండు ముక్కలున్నాయి, మిడిల్ నేమ్ లేదు. కుర్రాడు చనువుగా ట్యాబ్లెట్ తనవైపు తిప్పుకుని రెండో ముక్కని మిడిల్ నేమ్‌లో పడేశాడు. మిడిల్ నేమ్ లేకపోతే అక్కడ ఎన్‌.ఎమ్‌.ఎన్‌. (నో మిడిల్ నేమ్) అని రాయమని ఫారం సూచనల్లోనే ఉంది. ఉత్త ఇనీషియల్ అయితే దాని పక్కన ఐ.ఓ. (ఇనీషియల్ ఓన్లీ) అని రాయాలి. అది దిద్దుదామని వెనక్కి వెళ్తే అప్పుడు కనబడింది అసలు విషయం. పౌరసత్వం ఏ దేశం అన్న చోట యునైటెడ్ స్టేట్స్ అని టిక్ ఉంది.

నేను పెట్టలేదు. ముందే పడి ఉందో, వాడు గబగబా నొక్కుకుంటూ పోయాడో తెలియదు. అడిగితే, "నువ్వు ఉండేది ఇక్కడేగా, ఏం కాదు, నెక్స్ట్ కొట్టు" అన్నాడు.

నాకు కాళ్లలో వణుకొచ్చింది. అమెరికా పౌరుణ్ని కాకుండా పౌరుణ్నని చెప్పుకోవడం వలస చట్టంలో ఎంత పెద్ద నేరమో గ్రీన్ కార్డు కోసం లాయర్ల చుట్టూ తిరిగిన ఎవరికైనా తెలుసు. దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు, దానికి మాఫీలు కూడా దాదాపు లేవు. పైగా ఫారం కింద, ఇందులో రాసినదంతా నిజమేనని ఒట్టేసి సంతకం పెట్టేది మనం. గాలాల కుర్రాడు కాదు. టిక్ తీసేసి ఇండియా అని పెట్టి, గ్రీన్ కార్డు మీదున్న ఏ-నంబర్ (వలస వచ్చినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) వేశా. వాడి మొహంలో విసుగు కనిపించింది. వెనక లైన్లో వాళ్లూ గునిశారు. గునగనీ.

ఇంతలో మా బామ్మర్ది తుపాకీ పట్టుకుని ముచ్చటపడుతున్నాడు. వాడు హెచ్‌-1బి. నాకూ ఒకటి కావాలి బావా అంటే, కుర్రాడు ఎంత తేలిగ్గా అన్నాడంటే, "నీ కార్డు చెల్లుతుందిగా, రెండు నీ పేరు మీదే తీసుకో, ఒకటి అతనికిచ్చెయ్."

ఈ మాట విని సరేనన్నవాళ్లు మనలో ఉండే ఉంటారని నా భయం. దీన్నే స్ట్రా పర్చేజ్ అంటారు. "అసలు కొంటున్నది నువ్వేనా" అని ఫారంలో సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. వేరేవాళ్ల కోసం కొంటూ అవునంటే అబద్ధం. ఆ రెండోవాడికి కొనుక్కునే హక్కున్నా సరే, అది నేరమేనని 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం, కొనకూడనివాడి కోసం కొనిపెడితే 15 ఏళ్ల దాకా జైలు. మనకి జైలుతో ఆగదు, గ్రీన్ కార్డు కూడా ఎగిరిపోతుంది. నీ డబ్బుతో కొని, తీసుకునే హక్కున్నవాడికి నిజంగా బహుమతిగా ఇవ్వడం వేరు. బామ్మర్ది వెన్మో యాప్‌లో డబ్బు పంపి నన్ను కొనమనడం బహుమతి కాదు.

హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడమూ ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధమే. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే లెక్క. అందుకే పదకొండేళ్లు నేను ఆ ఛాయలకి పోలేదు. మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్. టెక్సాస్ లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నా మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్‌లో పాతది జేబులో పెట్టుకుని వెళ్లొద్దు.

సరే, నా కథ. డబ్బు ముందే కట్టించుకున్నారు. ఫారం నింపాక కొనేవాడి గురించి జరిగే ఎఫ్‌బీఐ చెకింగ్‌లో వచ్చే జవాబులు మూడు: ప్రొసీడ్ (ఇవ్వొచ్చు), డిలేడ్ (ఇంకా తేలలేదు, ఆగు), డినైడ్ (ఇవ్వకూడదు). నాకు డిలేడ్ వచ్చింది. మూడు పనిదినాల్లో ఏ కబురూ రాకపోతే షాపువాడు ఇవ్వొచ్చు అంటుంది చట్టం. ఇచ్చి తీరాలి అనదు. కుర్రాడు మాత్రం "గురువారం వచ్చి పట్టుకెళ్లు" అని మాటిచ్చేశాడు. గురువారం ముప్పై మైళ్లు డ్రైవ్ చేసి వెళ్తే, ప్రొసీడ్ రాకుండా ఇవ్వం, అది మా కంపెనీ రూలు అని మేనేజరు. పోనీ డబ్బు వెనక్కివ్వండి అంటే ఇరవై శాతం రీస్టాకింగ్ ఫీజు (సరుకు వెనక్కి తీసుకున్నందుకు కోత). ఊరికే 110 డాలర్లు! రసీదు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉందట. తొమ్మిదో రోజున ప్రొసీడ్ వచ్చింది కాబట్టి బతికిపోయా. మాటిమాటికీ డిలేడ్ వచ్చేవాళ్లు ఎఫ్‌బీఐకి అప్లికేషన్ పెట్టుకుంటే యూపిన్ అని ఒక నంబర్ ఇస్తారు. ఆ నంబర్ తర్వాతి ఫారంలో వేసుకోవచ్చు. నేను పెట్టాను.

తెచ్చుకున్నాక ఇంకో తమాషా. ఇంట్లో పెట్టె విప్పితే మూడు చోక్ ట్యూబులు (గుళ్లు ఎంత వెడల్పుగా చెదరాలో చూసే, గొట్టం చివర బిగించే ముక్కలు) ఉండాల్సిన చోట ఒక్కటే. బ్యారెల్ కింద, చెక్క ఆనే చోట, వేలిముద్ర ఆకారంలోనే తుప్పు. ఎంతమంది చేతులు మారిందో ఆ డిస్‌ప్లే పీసు. అప్పుడు అనుమానమొచ్చి పెట్టె మీద స్టిక్కరూ, తుపాకీ మీద చెక్కిన సీరియల్ నంబరూ పక్కపక్కన పెట్టి చూశా. చివరి రెండంకెలు వేరు! రసీదులో ఉన్నది పెట్టె నంబరు. అంటే ఫారంలో కూడా ఆ నంబరే ఎక్కి ఉంటుంది. కాగితాల ప్రకారం నేను కొన్న తుపాకీ ఒకటి, నా ఇంట్లో ఉన్నది ఇంకొకటి.

ఫోన్ చేసి, మళ్లీ వెళ్లా. ఫారం కాపీ తీసి, దాని మీద నంబరు దిద్ది, పొట్టి సంతకం, తేదీ వేసి అసలు దానికి జతచేయడానికి మూడు గంటలు. ఆ పని మాత్రం తప్పక చేశారు, ఎందుకంటే అక్కడ పోయేది వాళ్ల లైసెన్సు. తుప్పు, చోక్‌లు అంటే మాత్రం, "తుపాకులు వెనక్కి తీసుకోం, తయారీ కంపెనీకి రాసుకో" అన్నారు. గుమ్మం దాటేదాకా మన చేతికివ్వరు, మనిషి పక్కనే నడిచొచ్చి ద్వారం దగ్గర అప్పగిస్తాడు. గుమ్మం దాటాక వాళ్లు ముట్టుకోరు.

కాబట్టి, ఆ గుమ్మంలోపలే పెట్టె విప్పించండి. సీరియల్ నంబర్ తుపాకీ మీద, పెట్టె మీద, ఫారంలో, మూడు చోట్లా మీ కళ్లతో చూసుకోండి. డబ్బు కట్టకముందే డిలేడ్ వస్తే ఏం చేస్తారో మేనేజర్ని అడిగి రాయించుకోండి, కౌంటర్ కుర్రాణ్ని కాదు. ట్యాబ్లెట్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

చోక్‌ల కోసం కంపెనీకి మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. మా బామ్మర్ది మాత్రం హంటింగ్ లైసెన్స్ తీసుకుని పద్ధతిగానే కొంటానని పంతం పట్టాడు. బొద్దింకని చూస్తే మంచమెక్కే మనిషి, రాత్రుళ్లు కూర్చుని జింకని ఎక్కడ గురిచూడాలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చదువుతున్నాడు. మా అత్తగారికి ఇంకా తెలియదు.