తిరుపతి ఎండలో ఫ్లైట్ జాకెట్: పాతదా, రీప్రోనా, రాణిపేట తోలా?

డిసెంబరు వచ్చిందంటే పలమనేరు దారిలో పొద్దున్నే బుల్లెట్ల మీద పోయేవాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా పైలట్ జాకెట్ తొడుక్కుని కనిపిస్తారు. అందులో చాలావరకు రెక్సిన్ సరుకే. ఆ మోజు కాస్త ముదిరి అసలుది కావాలనిపించినవాళ్ళకు మూడు దారులున్నాయి. ఒకటి యుద్ధకాలం నాటి ఒరిజినల్. రెండోది, ఆ ఒరిజినల్‌ను దారంతో సహా అనుకరిస్తూ జపాన్‌లోనో బ్రిటన్‌లోనో కుట్టే రీప్రో. మూడోది మనకు కూతవేటు దూరంలో, తమిళనాడులో ఉన్న రాణిపేట, ఆంబూరు తోలుతో ఇక్కడే కుట్టించుకోవడం. ఏది మేలో చెప్పాలంటే ముందు ఎండ సంగతి తేల్చుకోవాలి. మన ఊళ్ళో డబ్బుకన్నా ముందు అడ్డొచ్చేది అదే.

అమెరికా వైమానిక దళం తన జాకెట్లను ఉష్ణోగ్రత మండలాల వారీగా విడదీసింది. 10 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దాకా తేలిక మండలం, దానికి ఎల్-2బి అనే పల్చటి నైలాన్ జాకెట్. మైనస్ 10 నుంచి 10 డిగ్రీల దాకా మధ్య మండలం, దానికి అందరికీ తెలిసిన ఎంఏ-1, అదీ నైలాన్‌దే కానీ దళసరిది. ఇంకా కింద మైనస్ 30 వరకు బొచ్చు టోపీ ఉన్న ఎన్-3బి. ఈ పట్టిక పక్కన తిరుపతి వాతావరణాన్ని పెట్టి చూడండి. మనకు డిసెంబరు రాత్రి కూడా ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది. హార్స్‌లీ హిల్స్ కొండమీద, తెల్లవారుజామున, బండి మీద గాలికి ఎదురుపోతే తప్ప ఎంఏ-1కు పని లేదు. అయినా కొనేవాళ్ళంతా ఎంఏ-1నే కొంటారు, రైల్వే స్టేషన్ చేరేలోపు చెమటలు కక్కుకుంటూ విప్పి భుజాన వేసుకుంటారు. ఇక బాంబర్ విమానాల్లో గడ్డకట్టే చలికి 1934లో వచ్చిన బి-3 గొర్రెతోలు జాకెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని ఇక్కడ గోడకు తగిలించుకోవడమే.

తోలు జాకెట్లలో ఏ-2 ఒక్కటే మనకు కాస్త దారికొచ్చేది. లోపల పల్చటి నూలు లైనింగు తప్ప దూది, బొచ్చు ఏమీ ఉండవు. గాలిని ఆపుతుంది, అంతే. అమెరికా సైన్యపు ఎయిర్ కోర్ (అప్పట్లో వాళ్ళ వైమానిక విభాగం అదే) దాన్ని 1931లో ఆమోదించింది. ఎక్కువగా గుర్రపు తోలుతో, కంపెనీలకు ఇచ్చిన కాంట్రాక్టుల్లో కొన్నిటికి మేక తోలుతో కుట్టారు. 1943లో ఆ దళాధిపతి జనరల్ హాప్ ఆర్నాల్డ్ తోలు జాకెట్ల ఆర్డర్లు ఆపించి గుడ్డ జాకెట్లకు మళ్ళించాడు. అందుకే ఒరిజినల్ ఏ-2 అంటే కనీసం ఎనభై ఏళ్ళ వస్తువు.

ఆ ఎనభై ఏళ్ళను చదవడంలోనే సేకరించేవాళ్ళ ఆనందమంతా ఉంది, నేను కాదనను. మెడ కింద చీటీ మీద 30-1415 అన్న డ్రాయింగ్ నంబరు ఉంటుంది. దాన్నిబట్టే కంపెనీలన్నీ కుట్టాయి గానీ రఫ్ వేర్ వాళ్ళ కాలర్ ఒక తీరు, డూబో వాళ్ళది ఇంకో తీరు, ఏరో లెదర్ వాళ్ళ జేబు మూత మరో తీరు. చీటీ ఊడిపోయినా కాలరు, జేబుల వాలకం చూసి ఏ కంపెనీదో చెప్పేవాళ్ళున్నారు. చేతులు పెట్టుకునే పక్క జేబులు ఉండవు. పాతదని చెప్పి అమ్మే ఏ-2కు నడుము దగ్గర అడ్డజేబులు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయవచ్చు.

కానీ తొడుక్కోవడానికి? నా మాట వింటే వద్దు. నూలు దారం లోలోపల చివికి ఉంటుంది. తోలు పైకి మెరుస్తున్నా చంకల దగ్గర నూనె ఎండిపోయి ఉంటుంది. బండి హ్యాండిల్ పట్టుకోవడానికి చేతులు ముందుకు చాచిన మొదటిసారే భుజం కుట్టు అప్పడంలా విరగవచ్చు. మణికట్టు దగ్గరి ఉన్ని అల్లికకు చిమ్మటలు, జిప్పుకు అరిగిన పళ్ళు. ఇవి మార్పిస్తే తొడుక్కోవచ్చు, కానీ మార్చిన ప్రతి ముక్కకూ సేకరణ విలువ పడిపోతుంది. ఇంకో సంగతి, ఇవన్నీ ఇరవై ఏళ్ళ బక్కపలచని కుర్రాళ్ళ కోసం కత్తిరించినవి. చీటీ మీద 42 అని ఉన్నా నలభై దాటిన మన పొట్ట మీద జిప్పు ఎక్కదు.

దీనికి తోడు మన వానలు. దేశంలో చాలాచోట్ల జూన్‌లో మొదలై సెప్టెంబరుకు వానలు సర్దుకుంటాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అసలు వాన. అంటే జాకెట్ బయటికి తీసే కాలమూ, గాలిలో తేమ ముదిరే కాలమూ ఒక్కటే. తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే తోలుకు బూజు పడుతుంది. ఇనుప బీరువాలో ప్లాస్టిక్ కవరు చుట్టి పెట్టడమంటే బూజును పిలిచి పీట వేయడమే. వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి పైన నూలు గుడ్డ కప్పాలి, పక్కన సిలికా జెల్ పొట్లాలు పెట్టాలి, వారానికోసారి ఫ్యాన్ గాలికి వేయాలి. ఉన్ని అల్లిక కోసం కలరా ఉండలు పెట్టేట్టయితే అవి తోలుకు తగలకూడదు. ఎండలో మాత్రం ఆరేయకండి.

కొనడంలోనూ చిక్కే. వాడిన బట్టల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి. విదేశాల్లో వేలంలో గెలిచినా కస్టమ్స్‌లో ఇరుక్కోవచ్చు. బంధువులెవరైనా వచ్చేటప్పుడు తొడుక్కుని వస్తే వేరే సంగతి. పైగా నకిలీల బెడద. వీపు మీద బొమ్మ ఉన్న జాకెట్‌కు ధర ఎక్కువ కాబట్టి పాత జాకెట్ మీద కొత్త బొమ్మ వేసి అమ్ముతారు. భూతద్దం పెట్టి చూడండి. రంగు కూడా తోలుతోపాటే పగిలి ఉంటే నమ్మవచ్చు. పగుళ్ళ లోపలికి రంగు దిగి ఉంటే ఆ బొమ్మ పగుళ్ళ తర్వాత వచ్చిందే. కొట్లలో దొంగనోట్లు చూసే నీలి లైటు కింద బ్యాడ్జీని పెడితే కొత్త సింథటిక్ దారం తెల్లగా మెరుస్తుంది. ఇప్పటి డిటర్జెంటుతో ఉతికిన పాత బ్యాడ్జీ కూడా మెరవవచ్చు గనుక ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

ఇన్ని తిప్పలు చూశాక రీప్రో వైపు మనసు మళ్ళడం సహజం. బ్రిటన్‌లో ఈస్ట్‌మన్ లెదర్, జపాన్‌లో 1993లో మొదలైన బజ్ రిక్సన్స్, ఇంకా రియల్ మెకాయ్స్ లాంటివాళ్ళు ఒక్కో పాత కాంట్రాక్టును వేరువేరుగా అనుకరిస్తారు. ఫలానా ఏడాది ఫలానా కంపెనీ కాలరు ఎంత పొడవో అంతే ఉంటుంది. గుర్రపు తోలుది దిగుమతి సుంకంతో కలిపితే లక్ష దాటుతుంది. దానికి తగ్గ సరుకే, కానీ మొదటి చలికాలమంతా అట్టలా బిగుసుకుని ఉంటుంది. మనవాళ్ళకు నేను మేక తోలుదే చెబుతాను. బరువు తక్కువ, మొదటి రోజు నుంచే మెత్తగా వంగుతుంది. 1988లో అమెరికా వైమానిక దళం ఏ-2ను మళ్ళీ తెచ్చినప్పుడు ఎంచుకున్నదీ మేక తోలే. ఇసక కాగితంతో రుద్ది ముందే పాతబరచి అమ్మేవి మాత్రం నాకు గిట్టవు. అరగదీసే పని మనది, దానికి వేరే డబ్బు ఎందుకివ్వాలి?

నైలాన్ విషయంలో నా తీర్పు వేరు. 1950ల, 60ల నాటి ఎల్-2బి మంచి స్థితిలో దొరికితే ఒరిజినల్‌నే తొడుక్కోవచ్చు. నైలాన్ తోలులా ఎండి విరగదు, చల్లటి నీళ్ళలో చేత్తో ఉతుక్కోవచ్చు. మెడ, నడుము అల్లికలు పోతే మార్పించుకున్నా తోలు జాకెట్‌కు జరిగినంత నష్టం ఉండదు. 1970లలో నోమెక్స్ గుడ్డతో వచ్చిన సీడబ్ల్యూయూ-36/పి వేసవి జాకెట్ ఇంకా మేలు. నిప్పంటుకుంటే కరగని గుడ్డ అది, నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. బండి మీద జారిపడితే మాత్రం ఈ జాకెట్లలో ఏదీ రైడింగ్ జాకెట్‌కు సాటి రాదు. మోచేతి దగ్గర, వీపున రక్షణ పలకలు వీటికి ఉండవు.

బ్యాడ్జీల దగ్గర కొంచెం జాగ్రత్త. రెండో ప్రపంచయుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసిన అమెరికన్ల భుజం మీద చైనా సూర్యుడూ భారత నక్షత్రమూ ఉన్న బ్యాడ్జీ ఉండేది. మన దేశపు బజార్లలో దర్జీలు చేత్తో కుట్టి ఇచ్చినవాటిని సేకరించేవాళ్ళు ప్రత్యేకంగా వెతుకుతారు. అలాంటివి కుట్టుకుంటే చరిత్రే. ఇప్పటి మన వైమానిక దళం రెక్కల గుర్తు, హోదా పట్టీలు కుట్టుకుని తిరగడం మాత్రం వేరే కథ. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రేణిగుంట విమానాశ్రయంలో సరదాకు కూడా వద్దు. తోలు జాకెట్‌తో కొండకు పోతామంటే ఇంట్లో అవ్వ ఎలాగూ ఊరుకోదు, "గుర్రం తోలు కప్పుకుని సామి దగ్గరికి పోతావా నాయనా" అంటుంది. గదిలో విప్పి పెట్టి పోవడమే.

ఇక మూడో దారి. చిత్తూరు నుంచి రాణిపేటకు బండి మీద పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. దేశంలోనే పేరున్న తోలు శుద్ధి కేంద్రాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి, మేక తోలుకు లోటు లేదు. రీప్రో ధరలో చిన్న వంతుకే పని అయిపోతుంది. తోలు బాగానే ఉంటుంది, తేడా అంతా కత్తిరింపులో వస్తుంది. చెప్పకపోతే మాస్టర్ అలవాటు కొద్దీ పక్క జేబులు పెడతాడు, భుజం కిందికి జార్చి చంక వదులుగా కోస్తాడు, నడుముకు సాగిపోయే ఆక్రిలిక్ అల్లిక వేస్తాడు. ఫోటో చూపిస్తే చాలదు. ఎవరి దగ్గరైనా మంచి రీప్రో ఉంటే అరువు తెచ్చి బల్ల మీద పరిచి కొలతలు తీయించండి. వీపుకు ఒకే ముక్క కావాలని, జిప్పు లోహపుదే కావాలని, అల్లిక ఉన్నిదే కావాలని ముందే రాసి ఇవ్వండి. తోలు మీద పడ్డ సూది బెజ్జం పూడదు కాబట్టి అసలు తోలు కోయకముందే అదే కొలతతో పాత గుడ్డ మీద ఒకటి కుట్టించి, దాన్ని తొడుక్కుని బండెక్కి హ్యాండిల్ పట్టుకుని చూసుకోండి. నడుము పట్టీ వీపు మీదికి ఎగబాకితే పొడవు పెంచమని అడగాల్సింది అప్పుడే.