బోర్డు లేని షెడ్డు, పక్కా వైరింగు: మా మార్క్ 4 అంబాసిడర్‌కు 1800 ఇంజను

చిత్తూరు నుంచి వేలూరు రోడ్డులో గుడిపాల వైపు పోతుంటే చింతచెట్ల వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు, మ్యాప్‌లో వెతికినా దొరకదు. వాకిట్లో పాత అంబాసిడర్లు, పద్మినీలు, ఒకటీ అరా జీపులు నిలబడి ఉంటే అదే. మా 1984 మోడల్ మార్క్ 4 అంబాసిడర్‌కు ఇసుజు 1800 ఇంజను, కొత్త వైరింగు, మీటర్ల పని అన్నీ అక్కడే చేయించాను. బండి చేతికొచ్చాక ఒక మామిడి సీజనంతా తిప్పి ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి పని బాగుందో లేదో డెలివరీ రోజు ఎవరికీ తెలియదు.

ఇంజను మార్చే మేస్త్రులు చిత్తూరులోనూ తిరుపతిలోనూ చాలామందే ఉన్నారు. ఈ షెడ్డు మేస్త్రి దగ్గరికి వెతుక్కుంటూ పోవాల్సింది మాత్రం వైరింగు కోసం. పాత బండికి కొత్త ఇంజను వేయించిన వాళ్లలో ఎక్కువ మంది ఆ తర్వాత రోడ్డు మీద ఆగిపోయేది ఇంజను చెడిపోయి కాదు, ఎక్కడో ఒక వైరు ఊడిపోయి.

మాకు ఈ బండి షోకు కోసం కాదు. తోట పని మీద బంగారుపాళెం మార్కెట్టుకు, పలమనేరుకు, నెలకు ఒకసారైనా బెంగళూరుకు పోవాలి. పాత 1489 సీసీ ఇంజను మీద నాకేమీ ఫిర్యాదు లేదు, దాని కాలానికి అది గట్టి ఇంజను. కానీ ఎండాకాలంలో మొగిలి ఘాట్‌లో లారీల వెనక రెండో గేరులో పాకుతుంటే టెంపరేచర్ ముల్లు ఎక్కుతూనే ఉండేది. నాలుగే గేర్లు కావడంతో హైవేలో ఎనభై దాటితే లోపల కూర్చున్నవాళ్లు గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయే బండి అది, ఆ టెన్షన్ ఇక వద్దనుకున్నాను.

మారుతి ఈకో ఇంజను వేయించమని కొందరు, ఏదైనా డీజిల్ ఇంజను కూర్చోబెట్టమని కొందరు సలహా ఇచ్చారు. మేస్త్రి రెండింటికీ ఒప్పుకోలేదు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే 1992లో అంబాసిడర్‌లో ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజను పెట్టి, అయిదు గేర్ల బాక్సుతో అమ్మారు. తర్వాతి మోడళ్లలో అదే ఇంజనుకు కార్బురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ప్రెషరుతో ఇంజనులోకి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) ఇచ్చారు. అదే బాడీలో కంపెనీవాళ్లే వేసిన ఇంజను కాబట్టి కోతలు, వెల్డింగులు తక్కువ అని ఆయన లెక్క. పాత టాక్సీ ఒకటి చూసి, దాని ఇంజను, గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు), ఇంజను వైరింగు మొత్తం ఒకే బండివి తెప్పించాడు. ఇది ముఖ్యం. ఇంజను ఒక చోట, ఈసీయూ ఇంకో చోట కొన్నవాళ్లు నెలల తరబడి చెక్ ఇంజన్ లైటుతో కుస్తీ పట్టడం నేను చూశాను.

ఈ షెడ్డు మీద నాకు గౌరవం పుట్టింది పని మొదలవక ముందే. "సార్, ముందు కాగితం తెచ్చుకోండి. బండి విప్పేసినాక మీరు ఆర్టీఏ చుట్టూ తిరగతా ఉంటే నా తావు నిండిపోతుంది" అన్నాడు. అనుమతి వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా వదులు చేయలేదు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఒకటుంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే కంపెనీ, అదే మోడల్, అదే పెట్రోలు, కంపెనీ బిగించిన ఇంజనే అని కాగితాలన్నీ చూపించాకే మా పని జరిగింది, ఇంజను నంబరు ఆర్‌సీలో ఎక్కింది. మీ బండికి అలాగే ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను. రాతపూర్వకంగా అనుమతి చేతికి రాకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయండి.

ఇంకో సంగతి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండిన బండికి ఆ హోదా రావాలంటే బాడీ, చాసిస్, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. మీ దగ్గర అరవైల నాటి మార్క్ 1 గానీ మార్క్ 2 గానీ ఉంటే ఇంజను ముట్టుకోకండి, దయచేసి. మా బండికి ఇంకా ఆ వయసు రాలేదు. అయినా పాత ఇంజనుకు గ్రీజు పూసి, గోనెపట్ట చుట్టి, కొట్టంలో దాచాను.

ఇంజను కూర్చోబెట్టే పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, శుభ్రంగా జరిగింది. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు, పెద్ద రేడియేటరు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, బూస్టరు. బలం పెంచి నాలుగు డ్రమ్ము బ్రేకులతో వదిలేసే షెడ్లు ఉన్నాయి, ఈయన ఆ పని చేయడు. స్టీరింగు పక్కనున్న గేరు తీసి కింద గేరు రాడ్డు పెట్టినప్పుడు ముందు సీటు అడ్డం వచ్చింది. బెంచి సీటు తీసేద్దామంటే నేను ఒప్పుకోలేదు. రాడ్డును వంచి సీటు కంటే ముందుకు తెచ్చాడు. మూడో గేరు, అయిదో గేరు వేయడానికి చెయ్యి కొంచెం చాపాలి, అంతే.

ఇక వైరింగు. పాత వైరింగులో మా బండికి ఉన్నవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకైతే అసలు ఫ్యూజే లేదు. నలభై ఏళ్లలో ఎవరెవరో వేసిన టేపు చుట్ల కింద హారన్ వైరు ఒక రంగులో మొదలై ఇంకో రంగులో తేలేది. చాలామంది మేస్త్రులు ఆ పాత వైర్ల మీదనే కొత్త ఇంజను వైర్లు తగిలిస్తారు. ఈయన మొత్తం పీకేసి నేల మీద పరిచాడు. ఒక పాత ప్లైవుడ్ చెక్క మీద బండి ఆకారం చాక్‌పీసుతో గీసి, ఎక్కడెక్కడ ఏ లైటు, ఏ స్విచ్చు వస్తుందో అక్కడ మేకులు కొట్టి, ఆ మేకుల చుట్టూ కొత్త వైర్లు లాగాడు. ప్రతి వైరు కొసకు నంబరున్న చిన్న స్లీవు. క్రింపింగ్ టూలుతో నొక్కిన లగ్గులు, వాటి మీద హీట్ ష్రింకు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం). ఎక్కడా పురి తిప్పి టేపు చుట్టిన జాయింటు లేదు. "వైరు కంటికి కనపడకూడదు సార్, చేతికి దొరకల్ల" అనేది ఆయన పద్ధతి.

హెడ్‌లైట్ల దగ్గర ఏం జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను. పాత వైరింగులో కరెంటు బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్చుకు, అక్కడి నుంచి కాలి కింద డిప్పర్ స్విచ్చుకు, మళ్లీ ముందుకు వచ్చి బల్బుకు చేరేది. 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే తొమ్మిది ఆంపియర్లకు పైనే కరెంటు. అదంతా ఆ సన్నటి వైర్లు, మసిబారిన స్విచ్చుల గుండానే పోవాలి. విప్పడానికి ముందు ఇంజను స్టార్టు చేసి ఆయన మల్టీమీటరు పెట్టి చూపించాడు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, హెడ్‌లైట్ సాకెట్ దగ్గర 11 చిల్లర. వోల్టేజి పదో వంతు తగ్గితే హాలోజన్ బల్బు వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. ఇప్పుడు రేడియేటరు పక్కన రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసే స్విచ్చులు), వాటికి విడిగా ఫ్యూజులు, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు. స్విచ్చు పని రిలేకు సైగ చేయడం మాత్రమే. సాకెట్ దగ్గర 13.4 వస్తోంది. బల్బులు అవే, అద్దాలు అవే. పలమనేరు నుంచి రాత్రిపూట దిగివచ్చేటప్పుడు రోడ్డు పక్క తెల్లగీత ఇప్పుడు నిజంగా కనిపిస్తోంది.

ఎర్తు విషయంలోనూ అంతే పట్టుదల. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజను బ్లాకుకు ఒకటి, బ్లాకు నుంచి బాడీకి ఒకటి. రెండు చోట్లా పెయింటు గీకి, తెల్లటి ఇనుము తేలాక బిగించి, పైన గ్రీజు పూశాడు. ఈసీయూ సెన్సార్ల ఎర్తు మాత్రం వీటితో కలపలేదు. స్టార్టరు లాగే కరెంటు దారిలో సెన్సార్ ఎర్తు ఉంటే ఈసీయూకు తప్పుడు లెక్కలు అందుతాయట. ఈసీయూను గ్లవ్ బాక్సు వెనక, ఎత్తులో పెట్టాడు. అంబాసిడర్‌లో వానాకాలం నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయని తెలిసిన మనిషి మాత్రమే అలా పెడతాడు.

పెట్రోలు లైను కూడా కొత్తదే. కార్బురేటర్‌కు ఇంజను మీదున్న చిన్న పంపు చాలు, ఎంపీఎఫ్ఐకి దాదాపు 3 బార్ల ప్రెషరు కావాలి. అందుకు ఎలక్ట్రిక్ పంపు, ట్యాంకుకు తిరిగొచ్చే రిటర్న్ లైను, ఇంజెక్షన్ ప్రెషరు తట్టుకునే హోసులు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఘాట్ మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చకుండా మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టాడు. గుద్దుకుంటే పంపు ఆగిపోయే స్విచ్చు కూడా ఉంది. అది నేను అడగలేదు, ఆయనే వేశాడు.

మీటర్ల దగ్గర నాకూ ఆయనకూ కొంత వాదన జరిగింది. డిజిటల్ డిస్‌ప్లే పెడితే పని సులువు, ఖర్చు తక్కువ అన్నాడు. పాత ముఖాలు అలాగే ఉండాలని నేను పట్టుబట్టాను. ఒప్పుకున్నాక మాత్రం మనసు పెట్టి చేశాడు. పాత ఆంపియర్ మీటరులో బండి కరెంటంతా దాని గుండానే ప్రవహిస్తుంది. డైనమో కాలంలో ఫర్వాలేదు, ఇప్పటి ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుకు డ్యాష్‌బోర్డు వెనక అంత లావు వైరు తిప్పడం ప్రమాదం. కాబట్టి అదే గాజు, అదే చుట్టు, లోపల మాత్రం వోల్టు మీటరు. మిగతా గేజీలకు నేరుగా 12 వోల్టులు ఇవ్వకూడదు, సగటున 10 వోల్టులే అందాలి. అందుకోసం ఉన్న పాత స్టెబిలైజరు డబ్బా తీసి ఎలక్ట్రానిక్‌ది పెట్టాడు. టెంపరేచర్ గేజీకి ఈసీయూ సెన్సారు పనికిరాదు, దానికి విడిగా సెండరు (వేడిని పసిగట్టి గేజీకి తెలియజేసే భాగం) కావాలి. ఆ సెండరును ఇంజనుకు బిగించే ముందు స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పెట్టి, సెండరునూ థర్మామీటరునూ అందులో ముంచి, నీళ్లు కాగుతుంటే ముల్లు ఎక్కడెక్కడికి వస్తుందో అద్దం మీద స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టాడు. 80 దగ్గర ఒక చుక్క, 95 దగ్గర ఒకటి. నేను పక్కనే కూర్చుని చూశాను. ఇంతకు ముందు ఆ ముల్లు ఎక్కుతోందంటే భయపడేవాడినే గానీ, ఎంత వేడో తెలిసేది కాదు. స్పీడోమీటరును వేలూరులో పాత మీటర్లు బాగుచేసే మనిషికి పంపి కొత్త గేర్‌బాక్సుకు తగ్గట్టు మార్పించాడు. ఫోన్ జీపీఎస్‌తో పోల్చితే ఎనభై దగ్గర రెండు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. కంపెనీ కొత్త బండ్లలోనూ అంత తేడా ఉంటుంది.

మే నెలలో, నలుగురం ఎక్కి, డిక్కీలో మామిడి బుట్టలతో మొగిలి ఘాట్ ఎక్కాం. మూడో గేరు నుంచి కిందికి దింపాల్సిన పని రాలేదు. ముల్లు 95 చుక్క దగ్గరికి వచ్చింది, ఫ్యాను తిరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. బెంగళూరు దాకా వెనక సీట్లో అమ్మ నిద్రపోయింది.

లోపాలు ఉన్నాయి. చెప్పిన సమయానికి రెండింతలు పట్టింది. ఒక్కడే వైరింగు ముట్టుకుంటాడు, కుర్రాళ్లకు ఇవ్వడు. ఫోను చేస్తే ఎత్తడు, మనిషి వెళ్లి నిలబడాలి. సామాను బిల్లులు ఇస్తాడు గానీ కూలికి నోటుపుస్తకంలో రాసిన లెక్కే. ఆర్టీఏ పనికి వర్క్‌షాప్ లెటరు కావాల్సి వచ్చినప్పుడు దానివల్ల ఇబ్బంది పడ్డాం. రేటు కూడా తక్కువేమీ కాదు. ఇంజను, గేర్‌బాక్స్, బ్రేకులు, రేడియేటరు, వైరింగు, మీటర్లు అన్నీ కలిపి మూడు లక్షలు దాటింది, అందులో వైరింగు కూలీయే నలభై వేలు. ఆ నలభై వేల మీద నాకు ఒక్క రూపాయి బాధ లేదు.

మీ బండి తీసుకుపోతే ముందు ఆయన చెక్క మీద గీసిన వైరింగు బొమ్మ కాపీ అడిగి తీసుకోండి. అడిగితే ఇస్తాడు, అడక్కపోతే ఇవ్వడు. నేను దాన్ని లామినేట్ చేయించి గ్లవ్ బాక్సులో పెట్టుకున్నాను. డీజిల్ మార్పిడులు చేయడు. పద్మినీలకు వైరింగు, మీటర్ల పని మాత్రం తీసుకుంటున్నాడు.

మా బండిలో పెట్రోలు గేజీ ఒక్కటి ఇంకా కుదరలేదు. సగం దాకా సరిగ్గానే చూపిస్తుంది, ఆ తర్వాత ముల్లు గబగబా కిందికి పడిపోతుంది. ట్యాంకులో పది లీటర్లు ఉండగానే ఖాళీ అంటుంది. కొత్త సెండరు రెసిస్టెన్సుకూ పాత గేజీకీ పొత్తు కుదరడం లేదని, మధ్యలో చిన్న సర్క్యూట్ వేస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. తోట పని తగ్గాక బండి మళ్లీ అక్కడ వదలాలి. అది సరిచేశాక ఇక్కడే కింద రాస్తాను.