ట్రౌట్ బొమ్మ ఉన్న ఫ్లై కిట్‌తో చబ్, డేస్, రడ్: ఒక సీజన్ వాడాక నా రివ్యూ

పెట్టె మీద ట్రౌట్ చేప బొమ్మ ఉంది. లోపల ఇచ్చిన చిన్న పుస్తకంలోనూ మొదటి పేజీ నుంచి చివరి దాకా ట్రౌట్ గురించే. నేను మాత్రం దీన్ని ట్రౌట్ కోసం కొనలేదు, దీంతో ఒక్క ట్రౌట్‌ని కూడా పట్టలేదు. మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. కెనెట్ నది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. అందులో చబ్, డేస్, పెర్చ్, రోచ్ కావలసినన్ని ఉన్నాయి. వాటిని ఫ్లైతో, అంటే ఈకలు, దారంతో పురుగులా కట్టిన గాలంతో పట్టాలనే ఈ కిట్ తీసుకున్నాను. అందుకే ఈ రివ్యూ కూడా ఆ చేపల వైపు నుంచే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో గాలం వేసేవాళ్లు మంచినీటి చేపలను రెండు రకాలుగా చూస్తారు. సాల్మన్, ట్రౌట్ లాంటివి గేమ్ చేపలు. మిగిలినవి, అంటే చబ్, రోచ్, రడ్, డేస్, బార్బెల్, పెర్చ్, పైక్, మనం బంగారుతీగ అనే కార్ప్, ఇవన్నీ కోర్స్ చేపలు. ఫ్లై ఫిషింగ్ అంటే గేమ్ చేపలదనీ, కోర్స్ చేపలకు బెండు, ఎర ఉండాలనీ చాలామంది అనుకుంటారు. కానీ నీటి మీద పడ్డ పురుగును తినడానికి చబ్‌కి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఎండాకాలం సాయంత్రం వంతెన మీద నిలబడి పది నిమిషాలు కిందికి చూస్తే మీకే తెలుస్తుంది.

కిట్‌లో వచ్చినవి ఇవి: నాలుగు ముక్కలుగా విడిపోయే 9 అడుగుల కార్బన్ రాడ్, రీల్, దానికి ముందే చుట్టి పెట్టిన తేలే లైను, ఒక లీడర్ (లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి నైలాన్ దారం), చిన్న డబ్బాలో 12 ఫ్లైలు, గుడ్డ చుట్టిన గొట్టం. నాకు 85 పౌండ్లు పడింది. రాడ్ మీద 5 అని రాసి ఉంటుంది. అది లైను బరువుకు నంబర్. మామూలు గాలంలో దూరం తీసుకెళ్లేది కొసన ఉన్న బరువు. ఇక్కడ ఫ్లైకి బరువే లేదు, ఈకలు, దారం, కాస్త ఫోమ్ అంతే. దాన్ని మోసుకెళ్లేది లైనే. 5 నంబర్ లైను అంటే ముందరి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఆ 9 గ్రాములను వెనక్కి ఊపి, ఒక్క క్షణం ఆగి, ముందుకు ఊపడమే మొత్తం విద్య. ఆ ఆగడం చేతకాకపోతే 85 పౌండ్ల రాడ్డూ ఒకటే, 800 పౌండ్లదీ ఒకటే.

నేను కొన్నది కిందటి ఏప్రిల్‌లో. అప్పుడు నదుల్లో కోర్స్ చేపలు పట్టకూడదు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నిషేధం, అవి గుడ్లు పెట్టే కాలం. అందుకని రెండు నెలలు పార్కులో గడ్డి మీదే ప్రాక్టీస్ చేశాను, గాలం బదులు కొసన చిన్న ఉన్ని దారం ముడి వేసుకుని. ఈ రాడ్ మంచితనం నాకు అక్కడే తెలిసింది. ఇది బిరుసుది కాదు. సగం దాకా వంగుతుంది. వెనక్కి ఊపినప్పుడు లైను బరువు పిడి దాకా తెలుస్తుంది, కాబట్టి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ముందుకు తోయాలో చెయ్యి త్వరగానే నేర్చుకుంటుంది. మా ఫిషింగ్ క్లబ్‌లో ఒకాయన తన ఖరీదైన రాడ్ ఇచ్చి చూడమన్నారు. అది చువ్వలా ఉంది, అప్పటి నా చేతికి దాంతో ఏమీ తెలియలేదు.

ఇక లోపాలు. మొదటిది లైను. ఫ్యాక్టరీలో బిగుతుగా చుట్టి ఎన్నాళ్లు ఉంచారో గానీ, తీయగానే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి, మెత్తని గుడ్డతో తుడిచి, ఇద్దరం చెరో కొస పట్టుకుని మెల్లగా సాగదీశాం. చాలావరకు సర్దుకుంది. ఇప్పటికీ చల్లటి ఉదయాల్లో మొదటి పది విసుర్లలో ఆ వంకర కనిపిస్తుంది.

రెండోది పెద్ద లోపం. రాడ్‌లో మూడో ముక్క, కొస ముక్క కలిసే చోట పట్టు చాలడం లేదు. జూన్ 16న సీజన్ మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకే ఒడ్డున ఉన్నాను. ఏడో విసురో ఎనిమిదో విసురో, కొస ముక్క ఊడి లైను మీదుగా జారుకుంటూ వెళ్లి నీళ్లలో పడింది. లీడర్ ముడి దగ్గర ఆగింది కాబట్టి దొరికింది, లేకపోతే మొదటి రోజే రాడ్ పోయేది. గుండె ఆగినంత పనైంది. తర్వాత క్లబ్‌లో పాతవాళ్లు చెప్పిన చిట్కా పనిచేసింది: మామూలు తెల్ల కొవ్వొత్తిని ఆ కీలు మీద పల్చగా రుద్ది, కొంచెం పక్కకు పెట్టి తోస్తూ తిప్పి సూటిగా తేవాలి. అప్పటి నుంచి ఊడలేదు. అయినా అరగంటకోసారి వేళ్లతో బిగువు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ ధరలో కూడా ఈ పని కొన్నవాళ్లకు మిగల్చకూడదు.

మూడోది లీడర్. కొస మందం 5ఎక్స్, అంటే 0.15 మిల్లీమీటర్లు. డేస్‌కి, చిన్న రడ్‌కి అది సరిగ్గా సరిపోతుంది. చబ్‌కి చాలదు. చబ్ కోసం వేసే ఫోమ్ పురుగు పెద్దది, గాలిలో గిరగిరా తిరిగి సన్నటి లీడర్‌ని మెలిపెడుతుంది. పైగా చబ్ కొమ్మల కిందే కాపురం ఉంటుంది, తగలగానే చెట్టు వేర్లలోకి దూసుకెళ్తుంది. నేను 3ఎక్స్, అంటే 0.20కి మార్చాను. తేడా వెంటనే కనిపించింది.

ఆ కొమ్మల సంగతి చెప్పాలి. జూలైలో ఒక సాయంత్రం. అవతలి ఒడ్డున ఒక విల్లో చెట్టు నీటి మీదికి వాలి ఉంది. దాని నీడలో మూడు చబ్‌లు, ముక్కులు ప్రవాహానికి ఎదురుపెట్టి, తోకలు మాత్రం కదుపుతూ నిలబడి ఉన్నాయి. నా వెనక దురద మొక్కలు, పొదలు. వెనక్కి ఊపే చోటు లేదు. అలాంటప్పుడు రోల్ కాస్ట్ వేస్తారు: లైనును నీటి మీదే మెల్లగా వెనక్కి లాగి, భుజం పక్కన వంపు ఏర్పడ్డాక ముందుకు తోస్తే అది చక్రంలా విప్పుకుంటూ వెళ్తుంది. ఈ మెత్తటి రాడ్‌తో ఆ కాస్ట్ హాయిగా పడింది. నల్ల ఫోమ్ పురుగు కొమ్మకు జానెడు ఇవతల 'టప్' మని పడింది. ట్రౌట్‌వాళ్లు ఫ్లై నిశ్శబ్దంగా వాలాలంటారు. చబ్‌కి ఆ చప్పుడే పిలుపు. చెట్టు మీంచి నిజం పురుగు పడినా అలాగే కదా పడేది. మధ్య చేప వెనక్కి తిరిగింది. పురుగు వెనకే ఒక గజం దూరం వచ్చింది, కింద నుంచి చూస్తూ. తెల్లటి నోరు తెరుచుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది. అప్పుడే లాగితే నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ తప్పు అంతకు ముందు నాలుగు సార్లు చేశాను. ఈసారి అది నోరు మూసి కిందికి తిరిగేదాకా ఆగి రాడ్ ఎత్తాను. బరువు తగిలింది. వెంటనే చెట్టు వేర్ల వైపు పరుగు. రాడ్ పిడి దాకా వంగింది, లీడర్ తెగలేదు. రెండు మూడు నిమిషాల్లో చేతి వలలోకి వచ్చింది. తూకం వేస్తే మూడు పౌండ్లకు కాస్త ఎక్కువ. ఇత్తడి రంగు పొలుసులు, ఒక్కోదానికీ నల్లటి అంచు, మొద్దుబారిన తల, మందపాటి పెదవులు. దాని దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. అందుకే గాలం లోతుగా దిగితే వేలు పెట్టకుండా పరికరంతోనే తీయాలి. చేతులు తడుపుకుని పట్టుకున్నాను, నీళ్లలోనే కాసేపు ప్రవాహానికి ఎదురుగా ఉంచాను. ఒక్క తోక విదిలింపుతో వెళ్లిపోయింది.

డేస్ విషయం వేరు. వేలెడు నుంచి జానెడు దాకా ఉండే వెండి చేప, పల్చటి నీటి ప్రవాహంలో గుంపులుగా ఉంటుంది. ఫ్లైని నోట్లోకి తీసుకోవడం, ఉమ్మేయడం రెండూ కనురెప్ప పాటులోనే. పది సార్లు ఎగిరితే నాకు రెండు దక్కుతాయి. రాడ్‌ని తప్పు పట్టను. కిట్‌లోని చిన్న డ్రై ఫ్లైలు (నీటి మీద తేలేవి), సైజు 16వి, దీనికి బాగా పనికొచ్చాయి.

ఫ్లైల డబ్బాలో నాకు పనికొచ్చినవి మొత్తం ఐదు. మిగిలినవి సరస్సుల్లో పెంచిన ట్రౌట్ కోసం చేసిన రంగురంగుల పెద్ద ఫ్లైలు. అన్ని గాలాలకూ కొసన వెనక్కి తిరిగిన ముల్లు ఉంది. మా క్లబ్‌లో ముల్లు లేని గాలాలే వాడాలి. చిన్న ప్లయర్‌తో నొక్కి చదును చేశాను, అందులో ఒక గాలం విరిగింది కూడా. మనం వదిలేసే చేపకు ముల్లు లేకపోవడం ఎంత మేలో ఒక్కసారి గాలం తీస్తే తెలుస్తుంది, తాకగానే వచ్చేస్తుంది.

మా అక్క కొడుక్కి 14 ఏళ్లు. వాడు కూడా ఈ రాడ్‌తోనే నేర్చుకున్నాడు, క్లబ్ చెరువులో, రడ్ మీద. తామరాకుల పక్కన ఎండలో పైపైన తిరిగే చేప అది. కింది పెదవి ముందుకు వచ్చి నోరు ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది, పైనున్నది తినడానికే పుట్టినట్టు. రెక్కలు ఎర్రగా, ఒళ్లు బంగారు రంగులో. మొదటి చేప తగిలినప్పుడు వాడు రీల్ సంగతి మర్చిపోయి, "పిన్నీ, తినేసింది! పిన్నీ!" అని అరుస్తూ లైను చేత్తోనే లాగాడు. నిజానికి ఈ సైజు చేపలకు చేసేది అదే, చేత్తో లాగడమే. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు జూనియర్ లైసెన్స్ ఉచితమే కానీ తీసుకోవడం మాత్రం తప్పనిసరి. పెద్దవాళ్లు డబ్బు కట్టి తీసుకోవాలి. దాంతోపాటు నీళ్లు ఎవరివో వాళ్ల అనుమతి వేరే. కొన్ని కోర్స్ చెరువుల్లో ఫ్లై ఫిషింగ్ ఒప్పుకోరు, ముందే అడగండి.

పైక్ జోలికి మాత్రం ఈ కిట్‌తో వెళ్లకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. సెప్టెంబర్‌లో పెర్చ్ కోసం చిన్న చేపపిల్లలా కట్టిన ఫ్లై లాగుతుంటే ఒక పైక్ వచ్చి పట్టుకుంది. లైను బిగిసిన రెండో క్షణంలో లీడర్ కత్తితో కోసినట్టు తెగింది. దాని నోటి నిండా పళ్లు, నైలాన్ ఏమాత్రం ఆగదు. ఫ్లై ఆ చేప నోట్లోనే ఉండిపోయింది. ముల్లు నొక్కేసి ఉంది కాబట్టి రాలిపోయి ఉంటుందని నా ఆశ. ఆ రోజంతా మనసు బాగాలేదు. పైక్‌కి తీగ ట్రేస్, అంటే ఫ్లై ముందు పళ్లకు తెగని లోహపు తీగ ముక్క ఉండాలి, 8 లేదా 9 నంబర్ రాడ్ ఉండాలి, చేపను త్వరగా ఒడ్డుకు తెచ్చి వదలగలగాలి. పైక్‌లు బాగా ఉన్న చోట నేనిప్పుడు పెర్చ్ ఫ్లై కూడా వేయడం లేదు. పెద్ద కార్ప్ కావాలన్నా ఈ రాడ్ చాలదు, 7 లేదా 8 చూడండి.

రీల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. లైను దాచుకునే డబ్బా అంతే. బ్రేక్ బలహీనం. చబ్ దూరం పరుగెత్తే చేప కాదు కాబట్టి దాంతో అవసరం పడలేదు.

అమ్మిన ఆన్‌లైన్ షాపు సర్వీస్ గురించి కూడా. ఆగస్టులో కొస ముక్క మీద ఉన్న చివరి రింగు వదులై తిరగడం మొదలైంది. మూడు మెయిళ్లు, రెండు ఫొటోలు పంపాక, 19 రోజులకు కొత్త కొస ముక్క వచ్చింది, డబ్బు తీసుకోలేదు. మొదటి జవాబులోనే పంపేసి ఉంటే ఎండాకాలం చివరి మంచి వారాలు పోయేవి కావు. కానీ పంపారు. కొత్త ముక్క పాతదానికంటే బిగువుగా కూర్చుంది, దాంతో కొవ్వొత్తి అవసరం తగ్గింది.

కొనేవాళ్లు ఇంకో 30 పౌండ్ల దాకా పక్కన పెట్టుకోండి. 3ఎక్స్ లీడర్లు రెండు, సైజు 12 ఫోమ్ పురుగులు అరడజను, రబ్బరు జాలీ ఉన్న చేతి వల, పోలరాయిడ్ కళ్లద్దాలు. కళ్లద్దాలు నీటి మెరుపు తీసేసి చేపను చూపిస్తాయి, వెనక నుంచి వేగంగా వచ్చే గాలం నుంచి కంటిని కూడా కాపాడతాయి. ఇంకొకటి: ఇది కార్బన్ రాడ్, దీని గుండా కరెంటు పారుతుంది. తీగల కింద గానీ, ఉరుములప్పుడు గానీ దీన్ని ఎత్తకండి.

నా మార్కులు రాడ్‌కి 5కి 4, లైనుకి 3, లీడరూ ఫ్లైలకూ కలిపి 2. జూన్ 16కి మళ్లీ ఆ విల్లో ఎదుటే ఉంటాను, ఈ రాడ్‌తోనే.