మళ్లీ పరుగు మొదలుపెడితే: మధ్యమధ్యలో నడవడం మేలా, ఆగకుండా మెల్లగా పరిగెత్తడం మేలా?

ఒకప్పుడు ఐదు కిలోమీటర్లు అవలీలగా పరిగెత్తినవాళ్లు పదేళ్ల తర్వాత మళ్లీ గ్రౌండ్‌కి వస్తే, ఎక్కువమందిని ఆపేసేది మొదటి రోజు ఆయాసం కాదు, మూడో నాలుగో వారంలో వచ్చే కాలి నొప్పి. గుండె, ఊపిరి సాధనకు త్వరగా లొంగుతాయి, రెండు మూడు వారాల్లోనే తేడా తెలుస్తుంది. పిక్క కండరాన్ని మడమకి కలిపే పట్టీ, అంటే అకిలిస్ టెండన్‌కి రక్తప్రసారం తక్కువ, అది గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎముక గట్టిపడడానికీ నెలలే. అందుకే ఊపిరి బాగా అందుతోందని హుషారు పెరిగిన వారంలోనే కాళ్లు మొరాయిస్తాయి. ఏ పద్ధతి మేలన్నది ఊపిరిని బట్టి కాకుండా కాళ్లను బట్టి తేల్చుకోవాలి.

పరుగులో ఒక్కో అడుగుకి కాలి మీద పడే భారం ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఉంటుంది. 75 కిలోల మనిషికి 150 నుంచి 225 కిలోలు. నిమిషానికి 160 అడుగుల లెక్కన 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తితే 3,200 సార్లు ఆ భారం పడుతుంది. అదే 20 నిమిషాల్ని ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడకగా విడగొడితే పరుగు మొత్తం 8 నిమిషాలే, అంటే 1,280 అడుగులు. నడిచే ఆ కాసేపట్లో గుండె వేగం పూర్తిగా దిగిపోదు కాబట్టి దానికి పని దొరుకుతూనే ఉంటుంది. కాళ్లకు మాత్రం భారం సగానికన్నా తగ్గిపోతుంది. ఏళ్ల విరామం తర్వాత వచ్చేవాళ్లకు నడక కలిపిన పరుగే మేలు అనడానికి అసలు కారణం ఇదే.

పైన చెప్పిన కొలత ‘కౌచ్ టు 5కే’ (సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) ప్రణాళికలో మొదటి వారానిది. 1996లో జోష్ క్లార్క్ రూపొందించిన ఈ పద్ధతిని బ్రిటన్ ఆరోగ్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ 9 వారాల ప్రణాళికగా అందిస్తోంది. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ముందు 5 నిమిషాలు చురుకైన నడక. రెండో వారం ఒకటిన్నర నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. నాలుగో వారం దాకా మెట్టు మెట్టుగా సాగుతుంది. చిక్కంతా ఐదో వారంలో ఉంది. మొదటి రోజు ఐదేసి నిమిషాలు మూడు సార్లు, రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండు సార్లు, మూడో రోజు ఏకంగా 20 నిమిషాలు ఆగకుండా! పాత అలవాటు ఉన్నవాళ్లు దీన్ని ఊపిరితో నెగ్గేస్తారు, ఆ తర్వాతి వారం పిక్కలు పట్టుకుని కూర్చుంటారు. అక్కడ ఒక వారం అదనంగా చేర్చి 10 నిమిషాలు పరుగు, 2 నడక, మళ్లీ 10 పరుగు చేసి ముందుకెళ్లడం మంచిది. తొమ్మిది వారాలది పన్నెండైనా పోయేదేమీ లేదు.

ఈ పద్ధతిలో జరిగే పొరపాట్లు రెండు. ‘ఒక్క నిమిషమేగా’ అని పరుగు వంతులో దూసుకుపోవడం మొదటిది. పిక్క పట్టేయడం, తొడ వెనక కండరం లాగేయడం ఎక్కువగా అలాగే జరుగుతాయి. అలసిపోయాకే నడవడం రెండోది. నడక కాళ్ల కోసం, ఆయాసం తీర్చుకోవడానికి కాదు. ఇంకా పరిగెత్తగలను అనిపిస్తున్నా గడియారం చెప్పగానే నడవాలి.

ఆగకుండా మెల్లగా పరిగెత్తే పద్ధతి చెడ్డదేమీ కాదు. విరామం కొన్ని నెలలే అయినవాళ్లకి, ఈ మధ్యకాలంలో బ్యాడ్మింటన్, స్కిప్పింగ్ లాంటి ఎగిరి దిగే ఆటలు వదలనివాళ్లకి అదే సుఖం. కాకపోతే ‘మెల్లగా’ అంటే ఎంత మెల్లగా? పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. తిరిగి మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి అది కిలోమీటరుకి ఏడున్నర, ఎనిమిదిన్నర నిమిషాల మధ్య వస్తుంది. ఆ వేగంలో ఉండడం పాత రన్నర్లకు మహా కష్టం. ఒంటికి పాత వేగం గుర్తుంది, రెండో కిలోమీటరుకి తెలియకుండానే ఆరు నిమిషాల్లోకి వెళ్లిపోతారు. దానికితోడు ఒకే వేగంతో వెళ్తున్నా పది పదిహేను నిమిషాలకు గుండె వేగం పైకి ఎక్కుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో చెమట ఆరదు కాబట్టి అది ఇంకా తొందరగా ఎక్కుతుంది.

అందరికన్నా ఎక్కువ మోసపోయేది సైక్లింగ్, ఈత చేస్తూ వచ్చినవాళ్లు. గుండె దిట్టంగా ఉంటుంది, మొదటి రోజే అరగంట పరిగెత్తేయగలరు. ఎముకలకూ టెండన్లకూ నేల తాకిడి అలవాటు ఉండదు. ఆయాసం రాకపోయినా వీళ్లు నడక కలిపిన పద్ధతిలోనే వెళ్లాలి.

ఇక బరువు బాగా పెరిగినవాళ్లకీ, ఇన్నాళ్లూ ఏ వ్యాయామమూ లేనివాళ్లకీ ఈ రెండింటికన్నా ముందు మూడు నాలుగు వారాలు ఉత్త నడకే సరి. వారానికి ఐదు రోజులు, రోజుకి 30 నిమిషాలు, చేతులు ఊపుతూ చురుగ్గా. నలభై దాటి బీపీ, షుగర్ ఉన్నా, నడకలోనే ఛాతీ పట్టేసినట్టు అనిపించినా ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్ బాగా దించే మాత్రలు వాడేవాళ్లు పరుగు రోజున మోతాదు, తిండి సంగతి అడిగి తెలుసుకోవాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలో చక్కెరో తప్పనిసరి.

ఎక్కడ పరిగెత్తాలి? గట్టిగా, సమంగా ఉన్న మట్టి ట్రాక్ దొరికితే మరో ఆలోచన వద్దు. ఇసుక మెత్తన కదా అని సముద్రపు ఒడ్డున మొదలుపెట్టకండి. పొడి ఇసుకలో మడమ లోపలికి దిగబడి అకిలిస్ మీద లాగుడు పెరుగుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉన్నా నీళ్లవైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. విశాఖలో అయితే ఇసుకకన్నా పక్కనున్న బీచ్ రోడ్డే నయం. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తుపల్లాలు ఎక్కువ, మొదటి నెలలో పల్లం వచ్చినచోటల్లా నడవండి, మోకాలి చిప్ప నొప్పి దిగేటప్పుడే ఎక్కువ మొదలవుతుంది. ట్రెడ్‌మిల్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది: గంటకి 7.5 కిలోమీటర్లు అని పెడితే మీ పాత వేగం మిమ్మల్ని లాక్కుపోలేదు. కానీ ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది. బయటికి మారిన మొదటి వారం పరుగు సమయం కాస్త తగ్గించండి.

అటక మీది పాత షూస్ మాత్రం తీయొద్దు. తక్కువే వాడినా ఏళ్ల తరబడి ఎండ వేడికి ఫోమ్ బిగుసుకుపోతుంది, జిగురు వదిలేస్తుంది. మడమ కింది ఫోమ్‌ని పక్కనుంచి బొటనవేలితో నొక్కితే చెక్కలా తగులుతుంది. కొత్తవి సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బినప్పుడు కొనండి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

ఏ పద్ధతి పట్టినా వారంలో పరుగు లేని రోజుల్లో రెండు రోజులు మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి: మోకాలు నిటారుగా 15 చొప్పున మూడు సార్లు, కొంచెం వంచి మరో మూడు సార్లు. ఒంటి కాలి మీద ఆగకుండా 20 చేయగలిగితే పిక్క ఆగని పరుగుకి దగ్గరపడినట్టే.

నొప్పిని చదవడం కూడా తెలియాలి. మొదటి ఐదు నిమిషాల్లో ఉండి, ఒళ్లు వేడెక్కాక పోయి, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు లేకపోతే కొనసాగించవచ్చు. పరిగెత్తేకొద్దీ పెరిగినా, మర్నాటికీ ఉన్నా అంతకుముందు వారం కొలతకి వెనక్కి వెళ్లండి. కాలి ముందెముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుకుంటూ రండి. జానెడు మేర నొప్పిగా ఉంటే సాధారణంగా అది తాకిడి ఎక్కువైన గుర్తు, వారం పది రోజులు పరుగు మాని నడిస్తే తగ్గుముఖం పడుతుంది. రూపాయి బిళ్లంత చోటే ప్రాణం పోయేట్టు నొప్పెడితే ఎముకలో సన్న పగులు కావచ్చు, అప్పుడు పరుగు ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇలాంటి పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని వెంటనే షూస్ కట్టుకోకుండా, ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి.