చెవి మిషను సవరణ: క్లినిక్కులోనా, ఇంట్లోనా, ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెవి మిషను పెట్టుకున్నవారికి అసలు చిక్కు కొన్న తరువాతే మొదలవుతుంది. మాట వినబడుతోంది గానీ అర్థం కావడం లేదని, స్టీలు కంచాల చప్పుడు చెవిలో గుచ్చుకుంటోందని చెప్పుకోవడానికి పలాస నుంచో రాజాం నుంచో విశాఖపట్నం వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది, తోడు వచ్చినవారి పనీ పోతుంది. అలా తిరిగి విసిగినవారి మిషను చివరికి బీరువాలోకి చేరుతుంది. ఇంట్లోనే కొలుచుకుని సవరించుకునే వీలుందా, ఉంటే ఎంతవరకు అన్నది అందుకే మనకు ముఖ్యం.

ముందుగా క్లినిక్కు సంగతి చూద్దాం. ఆడియాలజిస్టు, అంటే వినికిడిని పరీక్షించి మిషను అమర్చే నిపుణులు, సన్నని మెత్తని గొట్టాన్ని చెవిలోకి, కర్ణభేరికి ఐదారు మిల్లీమీటర్ల దూరం వరకు పంపి, దానితోపాటే మిషను పెట్టి, 65 డెసిబెల్స్ స్థాయిలో మాటల శబ్దం వినిపించి, కర్ణభేరి దగ్గరకు నిజంగా ఎంత ధ్వని చేరుతోందో తెరమీద గీతగా చూస్తారు. దీనినే రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. పెద్దవారి చెవి నాళం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. దాని కొలతలూ ఆకారమూ మనిషికీ మనిషికీ మారుతాయి. అందువల్ల ఒకే ఆడియోగ్రామ్ (ఏ ధ్వని ఎంత స్థాయిలో వినబడుతుందో చూపే పరీక్ష గీత) ఉన్న ఇద్దరికి ఒకే సెట్టింగు పెట్టినా, చెవి లోపల పడే ధ్వని ఒకటి కాదు. ఈ కొలతకు సాటివచ్చేది మామూలు ఇంట్లో ఏదీ లేదు. అయితే క్లినిక్కు అన్న ప్రతిచోటా ఇది జరగదు. మిషనును కంప్యూటరుకు కలిపి, సాఫ్ట్‌వేర్ తనంతట సూచించే తొలి సెట్టింగైన ‘ఫస్ట్ ఫిట్’ నొక్కి, ‘వినబడుతోందా?’ అని అడిగి పంపేసే చోటికి అంత దూరం వెళ్లడం దండగని నా గట్టి అభిప్రాయం. ఆ పద్ధతిలో హై ఫ్రీక్వెన్సీ (సన్నని, కీచు) ధ్వనులు కావలసినదానికన్నా తక్కువగా రావడం తరచు జరిగేదే. బయలుదేరే ముందే ఫోను చేసి, ఈ కొలత చేస్తారా అని అడగాలి.

సొంతంగా పరీక్షించుకునే యాప్‌తో వచ్చే మిషన్లు రెండో దారి. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి, స్వల్ప, మధ్యస్థ వినికిడి లోపం ఉన్న పెద్దవారు వైద్యుని చీటీ లేకుండానే ఇలాంటివి కొనుక్కోవచ్చు. పరీక్ష ధ్వని చెవిలో ఉన్న మిషను నుంచే వస్తుంది కాబట్టి, ఆ చెవి తీరూ, మిషను కొసన చెవిలో కూర్చునే మెత్తని టోపీ (డోము) తీరూ కొంతవరకు లెక్కలోకి వచ్చేయడం ఇందులోని మేలు. కానీ ఫ్యాను తిరుగుతున్నా, వీధిలో ఆటో పోతున్నా కొలత తప్పుతుంది. తీవ్రమైన లోపానికి ఇవి చాలవు. చెవిలో గులిమి అడ్డుపడిందో, కర్ణభేరికి చిల్లు పడిందో యాప్‌కు తెలియదు. చెవి కారుతున్నా, ఒక్క చెవికే వినికిడి తగ్గినా, రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా వినికిడి పోయినా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ వైద్యునికి చూపించాలి. పిల్లల మిషన్ల మీద ఇంట్లో ప్రయోగాలు అసలే కూడదు.

మిషనును కంప్యూటరుకు కలిపే నోవాలింక్ వైర్‌లెస్ వంటి పరికరం కొని, ఆ మిషను కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో ఆడియాలజిస్టు మార్చేవన్నీ తామే మార్చుకోవడం మూడో దారి. గరిష్ఠ ధ్వనికి ఉండే హద్దు కూడా ఇందులో మన చేతికి వస్తుంది, తెలియక పెంచితే మిగిలిన వినికిడికే హాని. కొందరు 2 సీసీ కప్లర్ (చెవికి బదులుగా మిషనును బిగించి కొలిచే, 2 సీసీ ఖాళీ ఉన్న చిన్న గూడు), కొలతల మైకు అమర్చుకుంటారు. మిషను బలం మునుపటికన్నా తగ్గిందా అన్నది అది చక్కగా చెబుతుంది గానీ, చెవిలో ఎంత ధ్వని పడుతోందో చెప్పదు. మిషను పెట్టాక పెద్దవారి చెవిలో మిగిలే ఖాళీ 2 సీసీ కన్నా తక్కువ కనుక అక్కడ ధ్వని ఇంకా పెరుగుతుంది.

రోజువారీ సవరణకు మాత్రం ఇల్లే మేలు. జూట్ మిల్లులో మగ్గాల మధ్య పనిచేసిన మా పెదనాన్నగారికి, అలాంటి రొదలో బతికినవారిలో తరచు కనబడే విధంగానే, 4,000 హెర్ట్జ్ దగ్గర వినికిడి బాగా తగ్గింది. మా పెద్దమ్మగారు ఆయన వెనక నిలబడి పాలు, కాలు, చాలు, తాలు, సాలు అని వరస మార్చి మార్చి చదువుతారు. ఆయన విన్నది విన్నట్టు చెబుతారు. ‘కాలు’ను ‘పాలు’ అన్నా, ‘సాలు’ను ‘తాలు’ అన్నా కాగితం మీద గుర్తు పెడతాము. ‘క’, ‘త’ జారితే 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య, ‘స’ జారితే అంతకు పైన రెండు డెసిబెల్స్ పెంచి, కొన్నాళ్లు వాడి మళ్లీ చదువుతాము. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. పెంచినకొద్దీ మోతే తప్ప మాట తేట కాకపోతే అక్కడితో ఆపాలి, ఎందుకంటే లోపలి చెవిలో ధ్వనిని పట్టే కణాలు బాగా దెబ్బతిన్నచోట ఎంత ధ్వని పోసినా అక్షరం రాదు. కంచాల చప్పుడు బాధిస్తే పెద్ద శబ్దాల పెంపును తగ్గించాలే గానీ మొత్తం వాల్యూమును కాదు. తన గొంతు కుండలో మాట్లాడినట్టుంటే గాలి ఆడే డోము మార్చి చూడాలి. ఈల వేస్తే ముందు గులిమిని, డోము సరిగ్గా కూర్చుందా అన్నదాన్ని చూడాలి.

ఒక్క ప్రయాణమే చేయగలిగినవారు దానిని రియల్ ఇయర్ కొలతకే వినియోగించాలి. సవరణలు ఫోను ద్వారా దూరం నుంచి చేయగలరా అని ఆ రోజే అడగడం మంచిది. తిరిగి వచ్చేటప్పుడు ఆడియోగ్రామ్, కొలత గీత రెండింటి ప్రింటు తెచ్చుకుని, ఇంట్లో దేనిని మార్చబోయినా ఆనాటి సెట్టింగును ముందుగా సేవ్ చేసుకోవాలి.